గంటక్క ఆగిన చోట

మా మేనత్తను ఊరంతా గంటక్క అనేవాళ్ళు. చూడబోతే పిడికెడు మనిషి. గొంతు మాత్రం చర్చిలో చివరి బల్ల మీద కునుకు తీసేవాణ్ణి లేపి కూచోబెట్టేది. మైకు పెట్టించాక కూడా ఆవిడ దాన్ని పక్కకు జరిపి వాక్యం చదివేది. అందులోంచి వచ్చేది తన గొంతు కాదట, ఎవరో పరాయి మనిషి మాట్లాడుతున్నట్టు ఉంటుందట.

ఇప్పుడు ఊళ్ళో ఆవిడ మీద రకరకాల కథలు నడుస్తున్నాయి. ఆవిడ నోట ఏ మాట వస్తే అది జరిగేదని, ఒక పెద్దవాణ్ణి శపించి కూలదోసిందని. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, అది మా నాన్న పోలిక. ఆ కూలిన పెద్దవాడు మా నాన్నే కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పే హక్కు నాకుంది.

అత్త కాజాలు కుట్టేది. బజారు వీధిలో టైలర్ మామ కొట్టు వెనకగదిలో, కిటికీ కింద పీట మీద కూచుని, చొక్కాలకు బొత్తం పట్టే చీలిక కత్తిరించి, దాని అంచు చుట్టూ దారం ముడులు వేసుకుంటూ పోయేది. చిక్కు పడకుండా దారాన్ని ముందు కొవ్వొత్తి మీద లాగేది. కాజాలు కుట్టే మిషన్లు వచ్చాయి గదమ్మా, ఇంకా ఎందుకీ తిప్పలని ఎవరైనా అంటే, మిషన్ కాజా నాలుగు ఉతుకులకు నోరు తెరుస్తుంది, నాది బొత్తం ఊడినా ఊడదు అనేది, టైలర్ మామ చేత కూడా ఔననిపించేది. ఆవిడ చూపుడువేలి కొస రాయిలా గట్టిపడింది. చిన్నప్పుడు నేను దాన్ని గోకి ఆడుకునేదాన్ని.

నాన్నమ్మ పోయేనాటికి నాన్న ఇంకా తప్పటడుగులు వేస్తున్నాడు. తాతయ్య అంతకుముందే పోయాడు. అత్తకు అప్పటికి ఓణీ వయసు కూడా సరిగా రాలేదు. తమ్ముణ్ణి చంకనేసుకుని కొట్టుకు వెళ్ళి, గుడ్డ కత్తిరించే బల్ల కింద ముక్కల గుట్ట మీద పడుకోబెట్టి, తన పని తను చూసుకునేది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో, వీణ్ణి కూడా ఇంట్లోకి రానిచ్చేవాడుంటే చెప్పండి అనేది. అలాంటివాడు దొరకలేదు. ఆవిడ కూడా కాళ్ళరిగేలా ఏమీ వెతకలేదు.

నాన్నకు అక్షరాలు దిద్దించింది ఆ కొట్టులోనే, గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో. అక్షరాలు వచ్చాయి గానీ చదవడం ఆయనకు ఏనాడూ సాఫీగా సాగలేదు. ఒక్కో మాట దగ్గర ఎద్దు మొరాయించినట్టు ఆగిపోయేవాడు. అందుకని అత్త చదివేది, ఆయన విని బట్టీ పట్టేవాడు. పెద్ద నాయకుడయ్యాక కూడా అదే పద్ధతి. ఉపన్యాసం ఎవరో ఒకరు చదివి వినిపించాలి, ఈయన ఒక్క ముక్క పొల్లుపోకుండా సభలో అప్పజెప్పాలి. జనం నోరెళ్ళబెట్టి వినేవాళ్ళు.

ఇక మా చర్చి పద్ధతి చెప్పాలి, ఎందుకంటే కొంప మునిగింది దాని దగ్గరే. మిగతా చోట్ల రోజుకు తగ్గ వాక్యం ఏరుకుని చదువుతారు. మా దగ్గర ఏరుకోవడం లేదు. బైబిలు మొదటి పుట నుంచి చివరి పుట దాకా, వారానికో అధ్యాయం, వరుస తప్పకుండా. ఒక చుట్టు తిరిగేసరికి ఓ తరం గడిచిపోతుంది. పెళ్ళయినా చావయినా ఆ రోజు వంతుకు ఏది వస్తే అదే. ఓ ఆదివారం పెళ్ళిలో, గోడలకు కుష్ఠు పడితే ఇల్లు ఎలా శుభ్రం చేయాలన్న అధ్యాయం వచ్చింది. అత్త ఎక్కడా తొణక్కుండా గోడ గీకడం దాకా చదివేసింది. పెళ్ళికూతురు మేలిముసుగులో నవ్వాపుకోలేక చచ్చింది.

గుర్తుకు ఆ పెద్ద పుస్తకంలో ఎర్ర రిబ్బను ఉండేది, అత్త కుట్టిందే. చదవడం ఆగిన చోట దాన్ని పెట్టేది, వచ్చేవారం అక్కడే తీసేది. ముందు పుటలు తిరగేసేది కాదు, ఇంట్లో ఉన్న పుస్తకంలో కూడా. ముందే చూసేస్తే గొంతు నటిస్తుందే అనేది. నేను ఎగతాళి చేస్తే, ఏరుకోవడం కూరగాయల బుట్ట దగ్గర చాలు, ఇక్కడొద్దు అని నా నోరు మూయించేది.

నాన్న పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యాడు, తర్వాత చర్చి పెద్దల సంఘానికి కూడా. మొదట్లో బాగా చేశాడు, అబద్ధమెందుకు. మురుగు కాలవలు కట్టించాడు, మిట్ట వీధులకు నీళ్ళు ఎక్కించాడు. ఆ తర్వాతే కళ్ళు నెత్తికెక్కాయి. నీళ్ళ ట్యాంకు మీద పేరు, బస్టాండు మీద పేరు, అందులో కూచునే బల్లల వీపు మీద పేరు. ఈ ఊళ్ళో ఎవరు చేరగిలబడినా నీ మీదే చేరగిలబడాలిరా అని అత్త నవ్వేది. అప్పట్లో ఆయనా నవ్వేవాడు. రోజూ ఆఫీసుకు పోతూ అత్త ఇంటి గుమ్మంలో పీట మీద కాసేపు కూచుని, టీ తాగి, ఊరి సంగతులు చెప్పి వెళ్ళేవాడు. ఆ కాసేపటి కోసమే ఆవిడకు తెల్లవారేది.

రానురాను నవ్వడం తగ్గింది. చుట్టూ చేరినవాళ్ళు ఆయన తుమ్మినా ఆహా అనేవాళ్ళు. మీరు లేకపోతే ఊరే లేదన్నారు, దేవుడి తర్వాత మీరేనన్నారు. ఆ 'తర్వాత' అన్న మాట ఎప్పుడు రాలిపోయిందో నాకు తెలియదు గానీ, సభల్లో ఎటు విన్నా నేనే చేశాను, నేనే ఇచ్చాను అన్నదే మిగిలింది.

చివరికి తన సమాధి కూడా తనే కట్టించుకున్నాడు. చర్చి వెనక సమాధుల తోట మెట్టలా ఉంటుంది. దాని నెత్తిన, ఊళ్ళో ఏ మూల నుంచి చూసినా కనబడేలా తెల్లరాతి మంటపం, స్తంభాలు, లోపల ఖాళీ రాతిపెట్టె, పైన ఇత్తడి అక్షరాల్లో పేరు. పోయాక కూడా ఊరు ఆయన్ను తలెత్తి చూడాలట. ఆ మెట్ట మీదే, పేరు చెక్కించుకోలేని బీదవాళ్ళ వరసలో నాన్నమ్మ ఉంది. గుర్తుకు ఒక గుండ్రాయి ఉండేది. పునాది తవ్వినవాళ్ళు ఆ వరస మొత్తం చదును చేసేశారు, రాయి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. అత్త వెళ్ళి అడిగితే, అమ్మ పేరు కూడా లోపల రాయిస్తాన్లే అన్నాడు. రాయించలేదు, మర్చిపోయాడు.

ఆ రోజు అత్త కొట్టుకొచ్చి దారం ఎక్కించబోతే సూదిలోకి ఎక్కలేదు. నన్ను ఎక్కించి ఇమ్మంది. తమ్ముడి మీద ఒక్క మాట అనలేదు.

మంటపం ప్రతిష్ఠ ఓ ఆదివారం పెట్టుకున్నారు. పై అధికారులు వచ్చారు, ముందు వరస కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగారు. ఆ వారం వంతు ఏ అధ్యాయమో పాస్టరుగారికి తెలుసు. నోట్లో నాలుక లేని మనిషి ఆయన. నాన్నతో చెప్పడానికి భయం, అత్తతో చెప్పడానికి మొహమాటం. ముందురోజు నాన్న మనుషులు వచ్చి, రాజు ఆలయం కట్టిస్తే జనం ఆయన్ను దీవించిన భాగం చదివించమన్నారట. ఈయన గంగిరెద్దులా తలూపి రిబ్బను తీసి అక్కడ పెట్టేశాడు. గంటక్క రిబ్బను ఉన్నచోటే చదువుతుంది కదా అనుకున్నాడు. ఇదంతా ఆయన తర్వాత నాకు చాటుగా చెప్పిందే.

అత్త పుస్తకం తెరిచింది. రిబ్బను ఎప్పుడో ఏళ్ళ కిందట చదివేసిన చోట ఉంది. చర్చి తుడిచేవాళ్ళు పుస్తకం కింద పడేసి, రిబ్బను ఎక్కడో అక్కడ కుక్కి ఉంటారనుకుంది. ఆవిడ చేసిన పొరపాటు అంతే. జనం వైపు చూసి, ఏమీ అనుకోకండి అన్నట్టు చిన్నగా నవ్వి, పుటలు తిప్పుకుంటూ పోయి, సరైన చోట రిబ్బను పెట్టి మొదలుపెట్టింది. పాస్టరుగారు లేచి నిలబడి మళ్ళీ కూచున్నాడు.

మొదట్లో ముట్టడిలో పడిన ఊరి గొడవ. ఎవరూ పెద్దగా వినలేదు. ఆ తర్వాత, రాజుగారి కోటలో పెత్తనం చేసే పెద్ద అధికారి దగ్గరకు ప్రవక్త వెళ్ళడం వచ్చింది. ఆ అధికారి ఎత్తైన చోట బండ తొలిపించి తనకు సమాధి చేయించుకుంటున్నాడు. ఇక్కడ నీకేం పని, ఇక్కడ నీవాళ్ళెవరున్నారు అని ప్రవక్త నిలదీస్తాడు. దేవుడు నిన్ను చుట్టచుట్టి బంతిలా దూరపు మైదానంలోకి విసిరేస్తాడు, నువ్వు అక్కడే పోతావు, నీ గొప్పల రథాలు కూడా అక్కడే పడుంటాయి అంటాడు.

అత్తకు ఎక్కడ తెలిసిందో నేను చూశాను. సమాధి అన్న మాట దగ్గర తలెత్తి తమ్ముణ్ణి చూసింది. చర్చి అంతా ఆయన వీపునే చూస్తోంది. ఆవిడ మళ్ళీ తల దించి చదివింది, ఎందుకంటే మొదలుపెట్టాక మధ్యలో ఆపడం ఆవిడకు తెలియదు. గొంతు తగ్గించుకోవడమూ తెలియదు. బంతి దగ్గరకు వచ్చేసరికి ఆవిడ కన్నీళ్ళు పుట మీద పడుతున్నాయి.

నాన్న లేచాడు. "చాలక్కా."

"ఇంకా ఉందిరా," అంది అత్త. బతిమాలుతున్నట్టు అంది.

"చాలన్నానా."

పాస్టరుగారు వచ్చి ఆవిడ చేతుల కింద నుంచి పుస్తకం లాగి మూసేశాడు.

ఆవిడ కావాలనే చేసిందని నాన్న నమ్మాడు. నాన్నమ్మ రాయి కోసం మనసులో కక్ష పెట్టుకుందన్నాడు, అధికారుల ముందు తన తల తీసేసిందన్నాడు. పాస్టరుగారు ఆయన ముందు నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు. నేను చెబితే గోడకు చెప్పుకున్నట్టే అయింది. చర్చిలో చదవడానికి వేరే మనిషిని పెట్టారు, మా దగ్గరా ఏరి చదవడం మొదలైంది. అత్త చివరి బల్ల మీద కూచుని వినేది.

ఒకసారి తనే ఆయన ఆఫీసుకు వెళ్ళింది. వరండాలో నిలబడితే, అధ్యక్షులవారు పనిలో ఉన్నారన్నారు. అద్దం తలుపులోంచి అధ్యక్షులవారు అక్కను చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం దాకా నిలబడి వచ్చేసింది. అక్కడ బల్ల లేదా అత్తా, కూచోలేకపోయావా అని నేను విసుక్కున్నాను. ఆ బల్లకీ వాడి పేరే ఉంది, దాని మీద ఎలా ఆనుకోనే, వాడికి కోపం కదా అంది.

ఆ తర్వాత నాన్న కారు అత్త వీధి మానేసి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టింది. ఆవిడ మాత్రం పొద్దున్నే పీట గుమ్మంలో వేసేది, ఎండ లోపలికి వచ్చాక తీసేది.

ఒకటి మాత్రం నాన్నకు తెలియదు. ఆయన చొక్కాలు టైలర్ మామే కుట్టేవాడు, కాజాలు అత్తే వేసేది. ఇంకెవర్నీ ముట్టనిచ్చేది కాదు. నాన్న రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి, మొహం చూడనన్న అక్క చేతికుట్టులోంచే బొత్తాలు పెట్టుకునేవాడు. చూస్తుంటే నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

నేను బాధపడితే అత్తే నన్ను ఓదార్చేది. "ఇంకా ఉంది కదే. అంతలా తిట్టిన దేవుడు ఊరికే వదిలేస్తాడా? ముందెక్కడో చల్లటి మాట వస్తుంది. మీ నాన్నొచ్చాక ఇద్దరం కలిసి చదువుకుంటాం." అంతవరకూ ఆ పుట తిప్పనంది. ఇంటి పుస్తకంలో ఆగిన చోట కాజా దారం ముక్క ఒకటి పెట్టి ఉంచింది.

ఆవిడ తిప్పలేదు, నేను తిప్పాను. మా ఇంట్లో తలుపేసుకుని మిగతా భాగం చదివాను. ఆ అధికారి పదవి వేరొకడికి పోతుంది. ఆ వేరొకడు గట్టిచోట కొట్టిన మేకులా నిలబడతాడు. చివరికి ఆ మేకు కూడా ఊడిపోయి, దానికి తగిలించిందంతా నేలపాలవుతుంది. అక్కడితో అధ్యాయం సరి. చల్లటి మాట ఒక్కటి లేదు. ఆ సంగతి అత్తకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత ఎన్నికల్లో నాన్న ఓడిపోయాడు. ఓడిన వెంటనే సంఘం లెక్కల మీద విచారణ వేశారు. ఆయన తుమ్మితే ఆహా అన్నవాళ్ళే ముందుకొచ్చి సాక్ష్యం చెప్పారు. బస్టాండు మీది పేరు గీకేశారు, కారు పట్టుకెళ్ళారు. నాన్న తలెత్తుకోలేక, అమ్మను తీసుకుని, తనను ఎవరూ ఎరగని దూరపు పట్నంలో ఇరుకు గదికి వెళ్ళిపోయాడు. రైలెక్కే ముందు కూడా అక్క గుమ్మం తొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని తొక్కుతాడు.

ఊరు మాత్రం ఆ గుమ్మానికి ఎగబడింది. నీ నోటిమాట ఫలించిందమ్మా అన్నారు. మా పక్కింటివాడికి కూడా కాస్త పొగరెక్కువమ్మా, వాడి సంగతి చూడమ్మా అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. అత్త తలుపేసుకుంది.

"నా నోటితోనే విసిరేశానే వాణ్ణి," అని నా ఒళ్ళో పడి ఏడ్చింది. పుస్తకంలో ఉన్నదే కదా నువ్వు చదివింది అంటే వినదు. సగంలో ఆగింది కాబట్టే శాపమైపోయిందట, చివరిదాకా చదివి ఉంటే దీవెన అయ్యేదట. చివర ఏముందో నాకు తెలుసు కదా.

ఓ పొద్దున పీట గుమ్మంలో వేయబోయి కూలబడింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. అంత గొంతు ఒక్కసారిగా ఆరిపోయింది. డాక్టరు పెదవి విరిచాడు.

నేను రైలెక్కి నాన్న దగ్గరకు వెళ్ళాను. గదిలో గోడ నుంచి గోడకు తాడు కట్టి చొక్కాలు ఆరేసుకున్నారు. సంగతి చెబితే ఆయన మొహం పాలిపోయింది గానీ రానన్నాడు. ఊళ్ళో నవ్వుతారన్నాడు. అప్పుడు నాకు ఒళ్ళు తెలియలేదు. నవ్వడానికి నీ దగ్గర ఇంకా ఏం మిగిలిందని అడిగాను. కన్నతండ్రిని అనకూడని మాటలన్నీ అన్నాను. అమ్మ వారిస్తున్నా ఆగలేదు. తాడు మీది చొక్కా లాగి ఆయన ఒళ్ళో పడేశాను.

"ఈ కాజాలు ఎవరు కుట్టారనుకున్నావు నాన్నా? ఇన్నేళ్ళూ ఎవరి చెయ్యి గుండెల మీద పెట్టుకు తిరిగావు?"

రిబ్బను సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి విన్నాడు. తల వంచి ఆ కాజాల అంచులు వేలితో తడుముకుంటూ చాలాసేపు కూచున్నాడు. తర్వాత లేచి, ఆ తడి చొక్కానే తొడుక్కుని నాతో బయల్దేరాడు.

మేం వెళ్ళేసరికి అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తమ్ముడి అడుగు విని ఇటు తిరగబోయింది, చాతకాలేదు. నాన్న మంచం చుట్టూ వెళ్ళి, గోడకూ మంచానికీ మధ్య సందులో ఇరుక్కుని నేల మీద కూచున్నాడు, అంత లావు మనిషి. అక్కా అన్నాడు. అత్త ఎడమచెయ్యి చాచి ఆయన చొక్కా పట్టుకుంది. పై కాజాకు దారం కొస ఒకటి లేచి ఉంటే వేలితో సర్దింది. ఆ తర్వాత దిండు పక్కనున్న పుస్తకం చూపించింది.

చదివేదానివి నువ్వు కదా, నాకేం వచ్చు అన్నట్టు చూశాడు నాన్న. ఆవిడ చెయ్యి దించలేదు.

నాన్న దారం ఉన్నచోట తెరిచి చదివాడు. బల్ల కింద సుద్ద అక్షరాలు చదివిన పిల్లాడిలాగే, మాటమాటా కూడబలుక్కుంటూ చదివాడు. పదవి పోయింది. మేకు ఊడింది. తగిలించిందంతా కింద పడింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"అయిపోయిందక్కా," అన్నాడు. "మిగతాది కాస్త బాగుంటుందనుకున్నాను."

అత్త కళ్ళు మూసుకుంది. ఆవిడ మొహం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. అయిపోయింది, దీంతో మనిషి పోతుందనుకున్నాను. కాసేపటికి ఆ ఎడమచెయ్యి మళ్ళీ లేచింది. పుట అంచు పట్టుకోబోయి తడబడింది. ఇంకా ఉందిరా అంటోందని మా ఇద్దరికీ తెలిసింది. నాన్న పుట తిప్పాడు.

అలా రోజూ కొంచెం కొంచెం చదివేవాడు. ఆయన వేగానికి ఒక్కో అధ్యాయం రోజుల తరబడి నడిచేది. ఓడల వ్యాపారంతో విర్రవీగిన పట్నం పాడుపడడం వచ్చింది. ఆ తర్వాత భూమి మొత్తం ఎండిపోయి, తాగినవాడిలా తూలడం వచ్చింది. ఒకదాన్ని మించి ఇంకొకటి. చదవడం ఆపిన ప్రతిసారీ, ఇవాళా రాలేదక్కా అన్నట్టు చూసేవాడు. అత్త కళ్ళతోనే ముందు పుట చూపించేది. ఆ తర్వాత ఆయన చెంచాతో ఆవిడకు నీళ్ళు పట్టేవాడు, మూతి తుడిచేవాడు, చెయ్యి పట్టుకుని అలాగే కునికేవాడు. ఊళ్ళో ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఆయనకు వినిపించేది కాదు.

ఓ పొద్దున నాన్న పీట తీసి గుమ్మంలో వేసి లోపలికి వచ్చేసరికి ఆవిడ లేదు.

ఎక్కడ సమాధి చేయాలని అడిగితే నాన్న మెట్ట వైపు చూపించాడు. అమ్మ పక్కనే తన చోటని అక్క ఎప్పుడూ అనేది అన్నాడు. అమ్మ ఎక్కడుందో మాత్రం చెప్పలేకపోయాడు. మంటపం కింద ఎక్కడో ఉంది, అంతకుమించి ఎవరికీ తెలియదు. ఇక్కడ నీవాళ్ళెవరున్నారని ప్రవక్త అడిగినదానికి ఆయన దగ్గర జవాబు ఉండేది. దాన్ని తన చేతులతోనే రాళ్ళ కింద కప్పేసుకున్నాడు. ముందు గడ్డపార పట్టింది ఆయనే. పేరున్న పలక ఊడదీశారు, రాతిపెట్టెను బయటికి దొర్లించారు, నేల రాళ్ళు లేపారు. కింద మట్టి కనబడ్డాక, ఆ మట్టిలో అత్తకు చోటు తవ్వారు. నాన్నమ్మకు దగ్గరగా పడుకుందో దూరంగా పడుకుందో మాకు తెలియదు.

పాస్టరుగారు ఓదార్పు వాక్యాలు ఏరి పెట్టుకుని వచ్చాడు. నాన్న వద్దని, ఇంటి పుస్తకం తీసి దారం ఉన్నచోట మొదలుపెట్టాడు. ఆవేళ వంతు అది. మొదట్లోనే ఊళ్ళు రాళ్ళకుప్పలైపోవడం, కోటలు కూలడం వచ్చింది. జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నాన్న పట్టించుకోకుండా కూడబలుక్కుంటూనే ఉన్నాడు. గాలివానలో బీదవాడికి దేవుడు చాటు కావడం వచ్చింది. ఇంకాస్త ముందుకు పోయాక, చావును ఆయన శాశ్వతంగా మింగేయడం వచ్చింది, అందరి మొహాల మీది కన్నీళ్ళు ఆయనే తుడవడం వచ్చింది.

అక్కడ నాన్న ఆగిపోయాడు. మాట పలకడం కష్టమై ఆగాడనుకున్నాను. పుట మీద వేలు అలాగే పెట్టి గుంట వైపు వంగాడు.

"అక్కా, వచ్చింది," అన్నాడు.

ఆ పైన ఒక్క ముక్క చదవలేకపోయాడు. మిగతాది నేను చదివాను.